దీపం ఆర్పడం కాదు, కారణం చూడాలి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది నడిపేది పదేళ్లు దాటిన కారే. గుడికైనా, ఆసుపత్రికైనా, మనవల బడికైనా అదే దిక్కు. కనుక డాష్‌బోర్డుపై వెలిగే బ్రేకు, టైరు దీపాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందుగా దీపం పనిచేస్తోందో లేదో చూడాలి. హ్యాండ్‌బ్రేకు లాగి, తాళం తిప్పితే బ్రేకు దీపం ఎర్రగా వెలగాలి. వెలగకపోతే బల్బు పోయి ఉండవచ్చు, లేదా ఎవరో తీసేసి ఉండవచ్చు. పాత కారు కొనేటప్పుడు ఇది తప్పక చూడండి.

హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించినా ఎర్ర దీపం ఆరకపోతే బండి కదపవద్దు. దారిలో వెలిగితే నెమ్మదిగా పక్కకు తీసి ఆపండి. బానెట్టు ఎత్తి బ్రేకు ఆయిలు డబ్బా చూడండి. మట్టం పై గీతకూ కింది గీతకూ మధ్య ఉండాలి. తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఆయిలు ఎక్కడో కారుతుండాలి. చాలామంది ఇక్కడే ఆయిలు పోసి ఊరుకుంటారు. దీపం ఆరుతుంది గాని కారణం పోదు. మలుపుల్లో మాత్రమే మిణుకుమంటున్నా మట్టం తగ్గిందేమో చూడాలి.

మరొక పరీక్ష ఉంది. బండి నిలిపి, ఇంజను నడుస్తుండగా బ్రేకు పెడల్ గట్టిగా అర నిమిషం తొక్కి పట్టండి. పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే ఆ బండి నడపకూడదు. చక్రాల లోపలి వైపు తడి కనిపించినా అంతే. మెకానిక్కును ఇంటికి పిలిపించండి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుచేత సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించాలి.

ఏబీఎస్ దీపం ఒక్కటే పసుపుగా వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది. కాని గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారవచ్చు. చక్రం దగ్గరి సెన్సరుకు మురికి పట్టినా, వైరు తెగినా ఇది వెలుగుతుంది. ఎర్ర దీపం, ఏబీఎస్ దీపం కలిసి వెలిగితే మాత్రం ఆపవలసిందే.

ఇక టైరు దీపం. గుర్రపు నాడా ఆకారంలో, మధ్య ఆశ్చర్యార్థకంతో పసుపుగా ఉంటుంది. నిలకడగా వెలిగితే గాలి తగ్గినట్టు. బండి తీసినప్పుడు కొంతసేపు మిణుకుమని ఆపై నిలిస్తే, చాలా కార్లలో సెన్సరు లోపమని అర్థం. సెన్సరులోని బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ అయిపోతుంది. కొన్ని కార్లలో గాలి పట్టించాక రీసెట్ చేయాలి.

చాలా పాత కార్లకు ఈ దీపమే లేదు. వారికి గేజే దీపం. ఉదయం బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉండగా గాలి చూడాలి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు పక్కన రాసి ఉంటుంది. స్టెప్నీ మరవద్దు. టైరు పక్కన అచ్చైన చివరి నాలుగంకెలు కూడా చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. మన బండ్లు తక్కువ తిరుగుతాయి. గాడి నిండుగానే ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది.

నెలనెలా పింఛను పడిన రోజున ఆయిలు మట్టం, గాలి చూసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ కారులో మన మనవలు కూర్చుంటారన్నది గుర్తుంచుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.