దిగేది లేదు
(వెంకటగిరికోట సభలో చేసిన ప్రసంగం)



మన పక్కనున్న కోలారు బంగారు గనుల్లో మనోళ్ళు పాకీపని చేసినారు. అక్కడి తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ తరఫున 2003లో సుప్రీంకోర్టుకెక్కినాడు.

2013 చట్టం ప్రకారం, రక్షణ సామాన్లివ్వకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. దించినోడికి మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు. లోపలుండే విషవాయువు, కాపాడబోయినోళ్ళనూ మింగేస్తుంది. చనిపోతే పరిహారం 10 లక్షలుండేది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షలు చేసింది. మనకు కావాల్సింది పరిహారం కాదు, ప్రాణం!

చేతొడుగులకు డబ్బుల్లేవంటారు. హాజరుకు మాత్రం మన మొహాన్ని ఫోన్లో పట్టుకుంటారు. ఆ ఫోటో ఎవరి దగ్గరుందో, దేనికి వాడతారో చెప్పమని నిలదీద్దాం.

తొడుగులు, బూట్లు ఇయ్యడం పని చేయించేవాడి బాధ్యత. ఇస్తే వేసుకోవడం మన బాధ్యత. ఇయ్యకుంటే దిగం! ఒక్కరు కాదంటే పనిలోంచి తీసేస్తారు. అందుకే అందరం కలిసి కాదందాం.