లెక్క తెలిసిన బిడ్డ
(సేవాలాల్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఫిబ్రవరి 15న ఈ జయంతి జరుపుకుంటున్నాం. ప్రతి ఏడూ ఒక వెలితి కనపడుతూనే ఉంది. ముందు వరుసల్లో కూర్చోవలసిన వయసు వాళ్లు సగం మంది ఇక్కడ ఉండరు. ఆదోని, ఆస్పరి, పత్తికొండ వైపు తాండాల నుంచి సంక్రాంతి కాగానే గుంటూరు మిరప చేలకు పోతారు. రాయచోటి, రాజంపేట వైపు కొన్ని ఇళ్లల్లో తల్లి కువైట్‌లో ఉంటుంది, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. పిల్లల చదువు గురించి మాట్లాడమని సంఘం పెద్దలు మమ్మల్ని అడిగినప్పుడు, ఆ ఇళ్లే గుర్తుకొచ్చాయి. బడిలో పెద్దగా చెప్పని, ఇంట్లో మనమూ చెప్పని ఒక పాఠం గురించి మాట్లాడదామనుకున్నాం. అది డబ్బు పాఠం.

మన సీమలో డబ్బును దుడ్లు అంటాం. లెక్క అని కూడా అంటాం. "చేతిలో లెక్క లేదు" అంటే డబ్బు లేదని అర్థం. డబ్బుకు, లెక్కకు ఒకటే మాట పెట్టుకున్న మనం, పిల్లలకు మాత్రం ఆ రెండింటినీ కలిపి నేర్పడం లేదు.

ఒక్క మాట ఆలోచించండి. ఈరోజు మన తాండాల్లో డబ్బు ఎవరి చేతుల మీదుగా నడుస్తోంది? బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే చదివేది ఎవరు? ఏటీఎం దగ్గర పిన్ నొక్కేది ఎవరు? ఫోన్‌పేలో కిరాణా కొట్టుకు దుడ్లు పంపేది ఎవరు? ఏడో తరగతి, ఎనిమిదో తరగతి చదివే బిడ్డలే. యాడికి, బాకు చదువు రాదు కాబట్టి ఆ పని పిల్లల మీద పడింది. అంటే మన ఇంటికి క్యాషియర్ ఆ బిడ్డే. బ్యాంకులో క్యాషియర్‌ను కూర్చోబెట్టే ముందు పని నేర్పుతారు. మన క్యాషియర్‌కు మనం ఏమీ నేర్పకుండానే పెట్టె తాళాలు ఇచ్చేశాం.

దాని ఫలితం ఒకటి మేము కళ్లారా చూశాం. ఊరి పేరు, మనిషి పేరు చెప్పం. మిరప కోతల నుంచి ఒక తండ్రి కొడుకు ఫోనుకు పంపిన 14,000 రూపాయలు వారం రోజుల్లో ఒక పందెం ఆటలో పోయాయి. మేము ఆ ఇంటికి పోయేసరికి పిల్లోడు రెండు రోజులుగా అన్నం తినలేదు. "పోగొట్టాలని కాదన్నా, రెండింతలు చేసి బాకు ఇస్తే మళ్లీ కోతలకు పోడు కదా అనుకున్నా" అన్నాడు. ఆ మాట విని తండ్రి కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించేశాడు. ఆ బిడ్డది చెడ్డబుద్ధి కాదు. డబ్బు ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం ఎంతమంది వెతుకుతారో మనకు తెలుసు. ఒకరికి దొరికితే ఆ కబురు జిల్లా అంతా తిరుగుతుంది. దొరకక ఉత్త చేతులతో పోయిన వందల మంది కబురు ఎవరూ చెప్పరు. పందెం ఆటలు కూడా అంతే. కాకపోతే పొలంలో వెతికితే పోయేది ఒక పూట కూలి, ఫోనులో వెతికితే పోయేది ఇంటి కష్టమంతా. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అయినా చట్టం మన ఇంటి చాప మీదకు వచ్చి కూర్చోదు. అక్కడ కూర్చోవలసింది మనమే.

మన పూర్వీకులకు లెక్క తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగి వ్యాపారం చేసిన జాతి మనది. అప్పుడు తాండా అంటే ఆలుబిడ్డలతో సహా కదిలే బిడారు. బేరం ఎట్లా జరిగేదో, నష్టం వస్తే ఎట్లా సర్దుకునేవారో పిల్లలు పక్కనే ఉండి చూసేవారు. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. వ్యాపారంతో పాటు పిల్లలు పక్కన నిలబడి నేర్చుకునే ఆ బడి కూడా పోయింది. ఇప్పుడు తండ్రి కష్టపడేది ఒక జిల్లాలో, బిడ్డ చదివేది మరో జిల్లాలో. బిడ్డకు కనపడేది ఫోనులో ఒక అంకె మాత్రమే. ఆ అంకె వెనక ఎన్ని రోజుల ఎండ ఉందో కనపడదు.

అందుకని తల్లిదండ్రులకు మేము నాలుగు పనులు చెబుతున్నాం.

మొదటిది, ఇంటి లెక్క పిల్లల ముందు చెప్పండి. సుగ్గి నుంచి రాగానే ఒక రాత్రి అందరూ కూర్చోండి. ఎంత వచ్చింది, మేస్త్రీ అడ్వాన్సు ఎంత పట్టుకున్నాడు, అప్పు ఎంత కట్టాలి, బియ్యానికి ఎంత, బడికి ఎంత, బిడ్డ చేతే నోట్‌బుక్కులో రాయించండి. అప్పుల భయం వాళ్ల నెత్తిన వేయమని కాదు. తెలిసిన బిడ్డ పండక్కి రెండో జత బట్టలు కావాలని మారాం చేయదు. తెలియని బిడ్డ అలుగుతుంది.

రెండోది, వడ్డీ లెక్క నేర్పండి. మనం "నూటికి మూడు రూపాయలు" అంటాం, వినడానికి చిన్నగా ఉంటుంది. అది నెలకు. సంవత్సరానికి 36 శాతం. వినాయక చవితికి 20,000 తెచ్చి ఏడు నెలలకు ఉగాదికి కడితే వడ్డీ 4,200. మిరప కోతలో రోజుకు 400 మిగిలిందనుకుంటే, పది రోజుల పైన కూలి వడ్డీకే పోయింది. నూటికి రూపాయి వడ్డీకి దొరికితే అదే అప్పుకు 1,400. ఈ లెక్క ఆరో తరగతి బిడ్డ చేయగలడు. బడిలో ఇది సామాన్య వడ్డీ పాఠం, ఇంట్లో ఇది మన బతుకు.

మూడోది, బిడ్డకు తనదంటూ కొంచెం డబ్బు ఇవ్వండి. వారానికి పది రూపాయలైనా చాలు. దాంట్లో కొంత దాచుకోనివ్వండి, కొంత ఖర్చు పెట్టుకోనివ్వండి. తప్పు ఖర్చు చేస్తే తిట్టకండి, మళ్లీ ఇవ్వకండి. పది రూపాయలతో చేసిన తప్పు పదివేల తప్పును ఆపుతుంది. పదేళ్లు నిండిన పిల్లలు తపాలా కార్యాలయంలో తమ పేరుతోనే పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చు. బ్యాంకుల్లోనూ పదేళ్లు దాటిన పిల్లలకు ఇట్లా ఖాతా ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. పదేళ్లలోపు ఆడబిడ్డ ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా ఉంది. ఏడాదికి కనీసం 250 రూపాయలు కడితే చాలు. అయితే అది నడిమధ్యలో తీసే డబ్బు కాదని ముందే తెలుసుకుని కట్టండి.

నాలుగోది, ఫోను సంగతి. పిన్, ఓటీపీ ఇంటి గుట్టు లాంటివి, ఎవరు అడిగినా చెప్పకూడదని పిల్లలకు చెప్పండి. మోసం జరిగితే దాచకుండా వెంటనే 1930కి ఫోను చేయాలని నేర్పండి. అంతకంటే ముఖ్యం, తప్పు చేస్తే ఇంట్లో చెప్పగలిగే ధైర్యం ఇవ్వండి. ఆ పిల్లోడు మొదటి 500 పోయినప్పుడే చెప్పి ఉంటే మిగిలిన 13,500 ఇంట్లోనే ఉండేవి.

"మాకే లేదు, పిల్లలకు ఏం దాచడం నేర్పాలి?" అని కొందరు అమ్మలు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన కర్నూలు పక్కనే ఓర్వకల్లులో ఉంది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి సాయంతో పేదరిక నిర్మూలన పథకం ఒకటి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. అప్పుడు ఓర్వకల్లు ఆడవాళ్లు రోజుకు రూపాయి దాచారు. కూలికి పోయే వాళ్లే, చాలామందికి సంతకం కూడా రాదు. రోజుకు రూపాయి అంటే నెలకు 30. పదిమంది కలిస్తే నెలకు 300, ఏడాదికి 3,600. ఆ పొదుపు లక్ష్మి సంఘాలు పెరిగి మండల ఐక్య సంఘం అయ్యాయి. పనికి పోయే పిల్లల కోసం బాలభారతి బడి కూడా పెట్టుకున్నారు. వాళ్లు మిగిలింది దాచలేదు. దాచుకుని, మిగిలిన దాంతో బతికారు.

ఇంకొక్క మాట. లెక్క నేర్పడం అంటే పిసినారితనం నేర్పడం కాదు. తాండాకు వచ్చిన మనిషికి రొట్టె పెట్టకుండా పంపే జాతి కాదు మనది. నల్లమలలో మన చెంచు సోదరులకూ దొరికింది పంచుకునే అలవాటు ఉంది. పంచుకోవాలంటే ముందు చేతిలో ఉండాలి. ఉండాలంటే లెక్క తెలియాలి. బిడ్డ దాచుకున్న డబ్బాలో నుంచి అవ్వ మందులకు ఇరవై తీసి ఇస్తే, ఆ రోజు ఆ పాఠం పూర్తయినట్టే.

ఇది మన పిల్లలకు కొత్త విద్య కాదు. శ్రావణంలో తీజ్ పండగకు పెళ్లికాని ఆడబిడ్డలు బుట్టల్లో గోధుమలు వేసి, తొమ్మిది రోజులు పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తారు. మొలక వచ్చిందా లేదా అని మట్టి తవ్వి చూడరు. ఒక్క పూట కూడా మానరు. పొదుపు అంటే ఇంతకంటే వేరే ఏమీ లేదు. ఆ ఓపిక మన బిడ్డలకు ముందే ఉంది. దానికి లెక్క తోడు చేయవలసింది మనం.

ఈ ఉగాదికి కోతల నుంచి వాళ్లు తిరిగి వస్తారు. వచ్చిన రాత్రి, తినడం అయ్యాక, ప్రతి ఇంట్లో ఒక నోట్‌బుక్కు తెరవండి. మొదటి పేజీ మీ బిడ్డ చేత రాయించండి. మేము తాండా తాండాకు వచ్చి చూస్తాం.

జై సేవాలాల్.