ప్రక్కన నడచు ప్రాణము

పిల్లల కొరకు వ్రాసిన కథను గూర్చి పెద్దలు రెండు కక్షలుగా చీలి వాదించుట అరుదు. అట్టి వాదమునకు గురియైన గ్రంథ మొకటి ఇంగ్లండున 1995వ సంవత్సరమున వెలువడినది. దాని పేరు ‘నార్తర్న్ లైట్స్’. రచయిత ఫిలిప్ పుల్మన్. ఆక్స్‌ఫర్డు నగరమున పెక్కేండ్లు ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. తరువాత 1997లో ‘ది సటిల్ నైఫ్’, 2000లో ‘ది ఆంబర్ స్పైగ్లాస్’ వెలువడి, మూడును కలిసి ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ అను పేర ఒక్క కథగా ప్రసిద్ధి కెక్కినవి. ఆ కథను చదివినవారి అభిప్రాయములను పరిశీలించుటయే మా ప్రసంగవిషయము.

ముందుగా కథలోని మూలమైన ఊహను తెలిసికొందము. ఆ లోకమున మనుష్యుని ఆత్మ దేహములోపల దాగియుండదు. జంతురూపము ధరించి, వెలుపల, అతని ప్రక్కనే నడచుచు మాటాడుచుండును. దానిని ‘డీమన్’ అందురు. ఇది ప్రాచీన గ్రీకుల పదము. తాను తప్పుత్రోవ త్రొక్కబోవునప్పుడు తన్ను వారించు ధ్వని యొకటి కలదని సోక్రటీసు చెప్పెడివాడని ప్లేటో వ్రాసినాడు; ఆ ధ్వనికి గ్రీకులు వాడిన పేరును ఈ పేరును ఒక్క మూలమునుండి పుట్టినవే. బాల్యమున డీమనుకు నిలుకడ లేదు. ఒక క్షణము ఎలుక, మరుక్షణము పక్షి, ఇంకొకప్పుడు అడవిపిల్లి. పిల్లలు పెద్దవారగునప్పుడు అది యొక్క రూపమున స్థిరపడును. మనుష్యునికిని డీమనుకును నడుమ దూరము కొంచెము పెరిగినను ఇరువురికిని సహింపరాని వేదన. ఒకరి డీమనును మరియొకరు తాకుట మహాపచారము. కథానాయిక లైరా యను బాలిక. ఆమె డీమను పేరు పాంటలైమన్.

తెలుగువారి కీ ఊహ బొత్తిగా క్రొత్తది కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణము సముద్రముల కావల చిలుకయం దున్నదని మనము చిన్ననాటనే విన్నవారము. కాని భేద మొకటి గమనింపవలెను. ఫకీరు ప్రాణమును దాచినది శత్రువుల చేత చిక్కకుండుటకు. చిలుక యక్కడ ప్రాణము నుంచిన పెట్టె వంటిది. పుల్మన్ కథలో ప్రాణము అందరి యెదుటను తిరుగుచుండును. అది నేస్తము, తగవులాడు తోబుట్టువు, మనస్సాక్షి.

ఇక పాఠకుల తీర్పు. 1995వ సంవత్సరపు గ్రంథమునకు బ్రిటిష్ గ్రంథపాలకుల కార్నెగీ పతకము లభించినది. 2003లో ప్రజల కత్యంత ప్రియమైన నవల యేదియని బి.బి.సి. వారు ఓట్లు సేకరింపగా, ఈ గ్రంథత్రయము మూడవ స్థానమును పొందినది. దానికి ముందు నిలిచినవి టోల్కీన్, జేన్ ఆస్టిన్‌ల నవలలు రెండు మాత్రమే. 2007లో, కార్నెగీ పతకము పొందిన పుస్తకములలో ఉత్తమమైనదానిని ప్రజల ఓటుచే ఎన్నుకొనగా, ‘నార్తర్న్ లైట్స్’ గెలుపొందినది.

ఇట్లుండగా, గ్రంథాలయముల నుండి తొలగింపుడని అమెరికాలో ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకముల 2008వ సంవత్సరపు జాబితాలో ఇదియే రెండవ స్థానమున నున్నది. కారణము స్పష్టము. కథలోని మతాధికార పీఠము క్రూరమైనది. రచయిత తాను నాస్తికుడనని దాపరికము లేక చెప్పుకొన్నవాడు. విశ్వాసము గల తలిదండ్రులు కలతపడుటలో వింత లేదు. అయితే ఇంగ్లండు చర్చి ప్రధానగురువైన రోవన్ విలియమ్స్ 2004లో ఈ కథ నాటకరూపమును మెచ్చుకొని, పాఠశాలలలో మతపాఠము చెప్పునప్పుడు దీనిని చర్చించుట మేలన్నారు. విశ్వాసులందరును ఒక్క పక్షమున లేరని దీనివలన తెలియుచున్నది.

ఈ కోలాహలమున మరుగుపడినది సామాన్యపాఠకుని అనుభవము. అతడు పుస్తకము మూసి మొదట తన్ను తాను వేసికొను ప్రశ్న దేవుని గూర్చినది కాదు. ‘నా జంతు వేది?’ అనునదే. ఆ ప్రశ్నలో వినోదముతో పాటు ఒక కొరతయు నున్నది. ఎవ్వరితో చెప్పుకొనలేని మాటను చెప్పుకొనుటకు ఎల్లవేళల ఒక తోడు కావలెనను కోరిక పిల్లలకే గాక పెద్దలకును కలదు.

రెండవది దుఃఖము. పెద్దయిన పిమ్మటనే పాపమంటునని, పెరుగకముందే పిల్లలను డీమన్ల నుండి కోసి వేరుచేసిన వారు పవిత్రులుగా నుందురని కథలోని అధికారులు నమ్ముదురు. అట్లు వేరుచేయబడిన బాలు డొకడు ఉత్తరదేశపు మంచులో లైరాకు కనబడును. తన డీమనుకు బదులుగా ఎండుచేపముక్క నొకదానిని గుండెల కదుముకొనియుండి, ఆ రాత్రియే మరణించును. ఆ చేపను ఎవరో కుక్కలకు వేసిరని తెలిసి లైరా మండిపడును. ఈ ఘట్టమును చదివినవారికి ఆత్మ యనగా నేమో వేదాంతి వివరింపనక్కరలేదు. పుస్తకమున దేవుడు లేడని వాదించువారును, ఉన్నాడని వాదించువారును ఇచ్చట ఒక్కటిగానే కంట తడిపెట్టుదురు.

మూడవది ఆక్షేపణ. ఆ లోకమున సేవకుల డీమన్లు తరచుగా కుక్కలు. అనగా సేవకత్వము స్వభావముననే యున్నదా? రూపము స్థిరపడిన పిమ్మట మనిషి మారడా? పుట్టుకను బట్టి మనిషి వెల కట్టిన దేశమున పుట్టిన మనకు ఈ ప్రశ్న మరింత సూటిగా తగులును. ఆక్షేపణ న్యాయమైనదే యని మా అభిప్రాయము. కథలో నావికు డొకడు లైరాతో, స్థిరరూపము వలన తానెవరో తనకు తెలియునని చెప్పి సమాధానపరచును. సముద్రమును విడిచి రాలేని డాల్ఫిను డీమనుగా గలవాని కష్టమును కూడ చెప్పును. కాని ఎవరికి ఏ రూపమో నిర్ణయించున దెవరను ప్రశ్నకు ఆ మాట చాలదు. 2019లో వెలువడిన ‘ది సీక్రెట్ కామన్‌వెల్త్’లో ఇరువదేండ్ల లైరాకు పాంటలైమనుతో పొత్తు చెడి, అతడు ఆమెను విడిచిపోవును. స్థిరరూపము గలవారికిని తమతో తమకు సంధి కుదురదని రచయితయే చూపినాడు.

ఈ గ్రంథమును పిల్లల కీయవచ్చునా యని కొందరు పెద్దలు సంకోచింతురు. వారి సంకోచమునకు మూలము ప్రేమయే. కాని పిల్లలను కాపాడు నెపమున వారికి తీరని హాని చేసిన పెద్దల కథయే ఇది. చదువకుండ దాచివేయువారు ఈ మాట యోచింపవలెను. పెద్దలు ముందు తాము చదువవలెను. పిదప పిల్లలతో కలిసి చదువవలెను. మతమును గూర్చి రచయిత చెప్పినది తమకు సమ్మతము కానిచో ఆ మాటయు, అందుకు కారణమును పిల్లలకు చెప్పవచ్చును. విని తూచుకొను శక్తి పదేండ్ల పిల్లలకును కలదు. చదివినపిమ్మట వారిని ‘నీ జంతు వేది, ఎందువలన?’ అని యడిగి చూడవలెను. పరీక్షలలో వచ్చిన మార్కులు చెప్పని సంగతులు ఆ సమాధానమున తలిదండ్రులకు తెలియగలవు.