ఏ కణం, ఏ పనికి?



యువ పశువైద్యులారా, రేపు మీలో కొందరు జనగామకు, మహబూబాబాద్‌కు, భూపాలపల్లి అడవి పల్లెలకు వెళ్తారు. అక్కడ మీ దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఎడ్లు, బర్లు, గొర్లు, మేకలు. అయినా ఈ రోజు గుర్రం కీలు గురించే మాట్లాడతాను. వైద్యాన్ని ఎలా బేరీజు వేయాలో అది నేర్పుతుంది.

కీలులో ఎముకల చివర్లను కప్పే మృదులాస్థికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. దెబ్బతింటే అది కోలుకోదని విలియం హంటర్ 1743లోనే రాశాడు. అందుకే మూలకణాలతో కొత్త మృదులాస్థిని పెంచాలని శాస్త్రజ్ఞులు శ్రమిస్తున్నారు.

ఆ కణాలు ఎక్కడి నుంచి తీసుకోవాలి? తోక మొదట్లోని కొవ్వు సులువుగా దొరుకుతుంది, కణాలూ బాగా వస్తాయి. కానీ 2008లో అమెరికాలోని లూసియానా పరిశోధకులు గుర్రపు కొవ్వు కణాలను, ఎముక మజ్జ కణాలను పక్కపక్కన పెంచి చూస్తే, మజ్జ కణాలే మెరుగ్గా మృదులాస్థిగా మారాయి. మరుసటి ఏడాది కెనడాలోని గ్వెల్ఫ్ పరిశోధకులు బొడ్డుతాడు రక్తపు కణాలు మజ్జ కణాలను మించాయని చూపారు. అయితే బొడ్డుతాడు రక్తం ఈనిన వేళే దొరుకుతుంది. అప్పుడు దాచకపోతే వేరే గుర్రం కణాలే గతి. మజ్జ కణాలకూ ఒక లోపముంది: అవి ఉబ్బి, పదో రకం కొల్లాజెన్ తయారుచేసి, ఎముకగా మారే దారి పట్టగలవు. మనకు కావలసింది రెండో రకం కొల్లాజెన్ నిండిన, బరువు మోసే మృదులాస్థి. ప్రయోగశాలలోని చిన్న కణాల ముద్ద గెలిచినంత మాత్రాన, దాదాపు 500 కిలోల గుర్రాన్ని మోసే కీలులోనూ గెలుస్తుందని చెప్పలేం.

కాబట్టి ఏ కొత్త చికిత్స వచ్చినా అడగండి: దేనితో పోల్చారు? ఏం కొలిచారు? గాజు పాత్రలోనా, నడిచే జంతువులోనా? ఆ జంతువు వయసు ఎంత?

“సారూ, ఈ సూది ఏస్తే నా ఎద్దు కుంటుడు తగ్గుతదా?” అని రైతు అడుగుతాడు. అప్పు తెచ్చి మీ ముందు నిలబడ్డ ఆ మనిషికి ఎంత రుజువుందో అంతే చెప్పండి. చికిత్సకు ముందు నడక, తర్వాత నడక, వయసు, బరువు మీ దవాఖాన రిజిస్టర్‌లో రాయండి. ఫలించనివీ రాయండి. ఊరి దవాఖానలో నిజాయితీగా నింపిన ఆ పేజీలు రేపటి పరిశోధనకు పనికొస్తాయి. ఆ పని మీ చేతుల్లో పెడుతున్నాను.