ఇంగ్లీషు ప్రిపొజిషనులు – తెలుగు విభక్తులు



ఇంగ్లీషు నేర్చు తెలుగువారిని పెద్ద పదములకంటె చిన్న పదములే యెక్కువ చిక్కు పెట్టుచుండును. ఇన్, ఆన్, ఎట్, బై, టు, ఫ్రమ్ మొదలగు నీ పదములకు ప్రిపొజిషనులని పేరు. నామమునకు ముందు నిలుచుటచే నా పేరు గలిగినది. తెలుగున నీ పని విభక్తి ప్రత్యయములది. అవి నామమునకు వెనుక చేరును. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున పరవస్తు చిన్నయసూరి వీనిని విపులముగా నిరూపించెను. వేయేండ్లనాటి ఇంగ్లీషునకును ఇట్టి ప్రత్యయము లుండెడివి. కాలక్రమమున నవి చాలవరకు రాలిపోగా, ఆ భారము ప్రిపొజిషనులపై బడినది. హి, హిమ్, హిజ్ అను రూపములలో పాత యానవాలు నేటికిని గలదు.

ఒక ప్రత్యయమునకు ఒకే ప్రిపొజిషను సరిపోవు ననుకొనుటలోనే చిక్కంతయు నున్నది. "రామయ్య వద్ద పొలము కొనెను" అనుట చక్కని తెలుగు. వద్ద యనగా నియర్ అని తలచి "బాట్ ల్యాండ్ నియర్ రామయ్య" అని వ్రాసినచో, అమ్మినవాడు మాయమై యిరుగుపొరుగువాడు మిగులును! అచ్చట వలసినది ఫ్రమ్. పత్రములలో నిది నవ్వులాట కాదు. "పేయబుల్ బై" అన్నచో తరువాతి పేరు సొమ్ము చెల్లింపవలసినవానిది. "పేయబుల్ టు" అన్నచో పుచ్చుకొనవలసినవానిది. రెండక్షరముల మాట మారినంతనే ఋణదాత ఋణస్థు డగును.

గడువుల విషయ మింకను సున్నితము. "పదిదినములలో నిత్తును" అనుటకు "ఇన్ టెన్ డేస్" అని వ్రాయుట కలదు. ఇంగ్లీషువారు దానికి సాధారణముగా పదిదినములు గడచిన పిమ్మట నని యర్థము చెప్పుకొందురు. ఆలోపల ననుటకు "విథిన్" వలయును. అట్లే "బై మార్చి 31" అనగా ఆ తేది దాటకుండ నని. "అన్‌టిల్ మార్చి 31" అనగా ఆ తేదివరకు పని సాగుచుండు నని. ఇల్లు ఖాళీచేయువాడును, ఖాళీ చేయించువాడును ఈ భేదము నెరుగవలెను.

కోపము తెలుగున ఒకరి "మీద" వచ్చును; ఇంగ్లీషున "యాంగ్రీ విత్" అనవలెను. పెండ్లి తెలుగున ఒకరి"తో" జరుగును. ఇంగ్లీషున "మ్యారీడ్ టు". వీనికి హేతువు వెదకుట వృథాశ్రమ. గ్రంథాలయమున నిఘంటువు తెరచినపుడు అర్థముతో నాగక, ఉదాహరణ వాక్యమును గూడ చూచి, డిపెండ్ ఆన్, వెయిట్ ఫర్, లిజన్ టు అని జంటలుగా వ్రాసికొనవలెను. డిస్కస్ అను క్రియకు మాత్రము జంట యక్కరలేదు. దాని వెనుక "అబౌట్" చేర్చుట, "గురించి" యను తెలుగు మాట తెచ్చిపెట్టిన యలవాటు.