లోపలి నుంచి కట్టిన ఇల్లు

పాటను వినడం ఎలాగో నేర్చుకుంటాం. ఇంటిని చూడటమూ అలా నేర్చుకోవలసిందే. అందుకు నాకెంతో ఇష్టమైన ఒక ఇంటి దగ్గరికి ఈ పూట మిమ్మల్ని తీసుకువెళ్తాను. అది లండన్ ఆగ్నేయ శివారు బెక్స్‌లీహీత్‌లో ఉంది. పేరు రెడ్ హౌస్. కొత్తగా పెళ్లయిన ఆంగ్ల కవి, అలంకరణ కళాకారుడు విలియం మోరిస్ కోసం 1859లో ఆయన స్నేహితుడు, వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ దీని నమూనా గీశాడు. మోరిస్‌కు అప్పుడు 25 ఏళ్లు, వెబ్‌కు 28. వెబ్ సొంతంగా చేపట్టిన తొలి ఇల్లు ఇదే.

ముందు గోడ చూడండి. ఆ కాలపు ఇంగ్లండులో కలవారు చాలామంది ఇటుక గోడకు గచ్చు పూయించి, రాతికట్టడమనిపించేలా గీతలు గీయించుకునేవారు. వెబ్ ఏ పూతా పూయలేదు. ఎర్ర ఇటుకను ఎర్ర ఇటుకగానే నిలబెట్టాడు. కిటికీల మీది కమానుల్లో ఇటుకలు పేర్చిన తీరు చూస్తే, పై బరువు ఎటునుంచి ఎటు దిగుతోందో కంటికే తెలుస్తుంది. నిటారైన పెంకుల కప్పు, ఎత్తయిన పొగగొట్టాలు కూడా ఆ ఎరుపులోనే కలిసిపోతాయి.

ఇక కిటికీలు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఇంకొకటి గుండ్రం. బయటినుంచి చూస్తే వరసా క్రమమూ లేనట్టుంటాయి. లోపలికి వెళ్లాకే వాటి లెక్క తెలుస్తుంది. మేడమీది నడవాకు చిన్న గుండ్రటి కిటికీలు చాలు, నలుగురూ కూర్చునే గదికి పెద్దవి కావాలి. గదికి ఎంత వెలుగు అవసరమో కిటికీ అంతే. ఇంటి ముఖం అందం కోసం గదులను కుదించలేదు, గదులను బట్టే ముఖం ఏర్పడింది.

రెండు రెక్కలుగా మలుపు తిరిగిన ఇంటి ఒడిలో, గొడుగులాంటి పెంకుల కప్పు కింద ఒక బావి. చుట్టూ పండ్లతోట. లోపలి గోడలకు, గాజుకు, సామానుకు మోరిస్, ఆయన మిత్రులే రంగులు దిద్దారు. ఆ పనిలో కుదిరిన చెలిమే 1861లో వాళ్లంతా కలిసి పెట్టిన అలంకరణ సంస్థకు దారితీసింది.

అయితే ముఖ్యమైన గదులు ఉత్తరానికి తిరిగి ఉండటంతో ఎండ తక్కువ. అది లోటే. మోరిస్ ఇక్కడ ఐదేళ్లే ఉన్నాడు. ఇల్లు మాత్రం నిలిచింది. 2003 నుంచి దాన్ని వారసత్వ సంరక్షణ సంస్థ నేషనల్ ట్రస్ట్ కాపాడుతోంది.

ఈసారి ఏ ఇంటి ముందైనా నిలబడితే, ఒక కిటికీని ఎంచుకొని దాని వెనక ఏ గది ఉంటుందో ఊహించండి. తర్వాత లోపలికి వెళ్లి చూడండి. మీ ఊహ నిజమైతే, ఆ గోడ మీతో నిజం చెప్పిందన్నమాట.