కారు సొరుగులో తుపాకీ



ఈ రోజు నేను మాట్లాడబోయే సంగతి వినగానే "ఇదేమిటమ్మా, స్త్రీల కార్యక్రమంలో ఆవకాయ గురించో, పిల్లల చదువుల గురించో చెప్పక తుపాకీల గోల ఎందుకు?" అని మీరు ముక్కున వేలేసుకుంటారేమో. నిజమే, మనలో చాలామంది తుపాకీని సినిమాల్లో తప్ప చూసి వుండరు. కాని మన గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు ప్రాంతాల్లో మిర్చి, పత్తి, పొగాకు వ్యాపారాలు చేసేవారి ఇళ్ళలోనూ, రాజకీయాల్లో తిరిగేవారి ఇళ్ళలోనూ లైసెన్సు రివాల్వరు వుండటం పెద్ద వింతేమీ కాదు. సంచుల్లో సొమ్ము పెట్టుకుని రాత్రిళ్ళు ప్రయాణాలు చేసిన రోజుల్లో కొన్నవి కొన్ని, నలుగురిలో గొప్ప కోసం కొన్నవి కొన్ని. ఎందుకు కొన్నా అది మగవారి సరుకు, మనకేం సంబంధం అనుకుంటాం. ఆ ఇంట్లో పిల్లల్ని పెంచేది మనం. ఆ కారులో వెనక సీట్లో కూర్చునేది మనం. మరి సంబంధం లేకుండా ఎలా పోతుంది?

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మావారు మిర్చి కమీషను వ్యాపారం చేస్తారు. చాలా ఏళ్ళ క్రితం ఒక రాత్రి సొమ్ముతో వస్తుంటే దారిలో ఎవరో కారు ఆపబోయారు. దాంతో లైసెన్సు పెట్టుకుని ఒక రివాల్వరు కొన్నారు. కొన్న కొత్తలో జాగ్రత్తగానే బీరువాలో పెట్టేవారు. రానురాను అది కారులో డాష్‌బోర్డు సొరుగులోకి చేరింది. ఒక పసుపు గుడ్డలో చుట్టి, కారు కాగితాల పక్కన పడుకోబెట్టేవారు. "అక్కడ వుంటే చేతికి అందుతుంది" అనేవారు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

2024 మార్చి 8వ తేదీ, శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్ళకు బయలుదేరాం. మా చెల్లెలూ, దాని ఆరేళ్ళ కొడుకూ మాతో వచ్చారు. ప్రభలు చూసి, జనంలో నలిగి, కారు దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడు సోలిపోయాడు. వాణ్ణి ముందు సీట్లో పడుకోబెట్టి, డ్రైవరును కాస్త చూస్తూ వుండమని చెప్పి, మేం పక్కనే చెరుకు రసం తాగుతున్నాం. ఎప్పుడు లేచాడో, బిస్కట్ల కోసం సొరుగు లాగాడట. డ్రైవరు అప్పుడే పక్క కారు వాళ్ళతో మాట్లాడుతున్నాడు. పిల్లవాడు కారు దిగి, రెండు చేతులతో ఆ రివాల్వరు పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "పెద్దమ్మా, ఇందులో రీలు ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

వాడికది దీపావళి తుపాకీ. మొన నా పొట్టకు సూటిగా వుంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మావారే మెల్లగా పక్కనుంచి వెళ్ళి, "ఇలా ఇవ్వరా నాన్నా, నే చూపిస్తా" అని వాడి చేతుల్లోంచి తీసుకున్నారు. తీసి చూస్తే లోపల ఆరు గుండ్లూ వున్నాయి. తిరిగి ఇంటికి వచ్చేదాకా కారులో ఒక్కరూ నోరు మెదపలేదు.

ఆ రాత్రి నేను లైసెన్సు పుస్తకం తెరిచి, షరతులన్నీ కూడబలుక్కుని చదివాను. నేను మెట్రిక్ చదువుకున్నదాన్నే, నాకే అర్థమయింది. ప్రత్యేకంగా అనుమతి వుంటే తప్ప, లైసెన్సు ఆయుధాన్ని తిరునాళ్ళకు గాని, దేవుడి వూరేగింపులకు గాని, జనం గుమిగూడే చోటికి గాని, బడి, కాలేజీల ఆవరణలోకి గాని తీసుకుపోకూడదు. అంటే మేం ఆ రోజు కోటప్పకొండకు తీసుకుపోవడమే తప్పు. అంతకు ముందు ఎన్నిసార్లు అదే కారు బడి గేటులోకి వెళ్ళిందో తలుచుకుంటే గుండె గుభేలుమంది.

చట్టం సంగతి ఇంకొంచెం చెప్పుకుందాం. మన దేశంలో ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింద నియమాలను 2016లో కొత్తగా రాశారు. వాటి ప్రకారం చేతి తుపాకీని బయటికి తీసుకువెళితే, దానికోసమే చేసిన వొరలో, బయటికి కనబడకుండా, మనిషి ఆధీనంలో వుండాలి. 2019లో చట్టాన్ని మళ్ళీ సవరించారు. ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి వుండకూడదన్నారు. పెళ్ళిళ్ళలో, వూరేగింపుల్లో సంబరానికి గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ముఖ్యమైన మాట ఏమిటంటే, లైసెన్సు ఇచ్చేది మనిషికి, కారుకు కాదు. యజమాని గుడిలోకో బ్యాంకులోకో వెళ్ళి, కారుతోపాటు తుపాకీని డ్రైవరుకు వదిలేస్తే, లైసెన్సు లేని మనిషి చేతిలో ఆయుధం పెట్టినట్టే. రేపు ఏదైనా జరిగితే ఆ పేదవాడు కూడా కేసులో ఇరుక్కుంటాడు.

మరునాడు మావారితో మాట్లాడాను. "ఏమండీ, అది ఇంక కారులో వుండటానికి వీల్లేదు" అన్నాను. "అవసరానికి అందకపోతే అదెందుకే?" అన్నారు. నేనన్నాను, "సొమ్ము మీ దగ్గర వున్నప్పుడు అది మీ నడుముకు వుండాలి గాని, సొరుగులో వుంటే మీకంటే ముందు దొంగకు అందుతుంది. అయినా ఇప్పుడు డబ్బంతా బ్యాంకుల్లోనే నడుస్తోంది కదా, ఆఖరుసారి సొమ్ము సంచితో రాత్రి ప్రయాణం ఎప్పుడు చేశారో చెప్పండి" అని. ఆయన చాలాసేపు ఆలోచించారు. జవాబు దొరకలేదు.

ఇంతలో మార్చి 16న ఎన్నికల ప్రకటన వచ్చింది. ఎన్నికల కాలంలో లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషనులో అప్పగించమంటారన్నది మీకు తెలిసే వుంటుంది. మాకూ కబురు వచ్చింది. ఇచ్చి రసీదు తెచ్చుకున్నారు. మే 13న పోలింగు అయింది, జూన్ 4న ఫలితాలు వచ్చాయి. ఆ ఎన్నికల్లో మన పల్నాడులో ఎన్ని గొడవలు జరిగాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. అంత కాలమూ ఆ వస్తువు మా ఇంట్లో లేదు. ఒక్క రోజు కూడా అది లేని లోటు మాకు తెలియలేదు!

తిరిగి తెచ్చుకునే ముందు నేను కొన్ని షరతులు పెట్టాను. అవే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. వీలైతే రాసుకోండి.

మొదటిది. ఇంట్లోకి వచ్చిన తుపాకీ గుండ్లు లేకుండా వుండాలి. తీయవలసింది లైసెన్సు వున్నవారే, పిల్లలు లేని చోట. మనం ముట్టుకోవద్దు. పిస్తోలు అయితే ఇంకో ప్రమాదం వుంది. గుండ్ల అరను బయటికి లాగేసినా, లోపల గొట్టంలో ఒక గుండు మిగిలిపోయి వుండవచ్చు. "ఖాళీయే" అనుకున్న తుపాకులే ప్రాణాలు తీస్తాయి.

రెండవది. తుపాకీ ఒకచోట, గుండ్లు ఇంకోచోట, రెండింటికీ వేరు వేరు తాళాలు. తుపాకీ పెట్టే ఇనుప పెట్టెను గోడకో, బీరువా అడుగుకో బోల్టులతో బిగించాలి. ఎత్తుకుపోవడానికి వీలుండే పెట్టె పెట్టే కాదు. దరఖాస్తు పెట్టేటప్పుడే ఆయుధాన్ని భద్రంగా దాస్తామని హామీ రాసిస్తారు. ఆ హామీ ఇంట్లో ఎలా అమలవుతోందో చూడవలసింది మనమే.

మూడవది. తాళాలు దేవుడి గూట్లోనో, బియ్యం డబ్బా కిందో పెట్టవద్దు. మనం పంచదార డబ్బా ఎక్కడ దాచామో కనిపెట్టిన పిల్లలకు అవెంత? తుపాకీ తాళం ఆయన దగ్గర, గుండ్ల తాళం మీ దగ్గర వుంచుకోవచ్చని నాకు తోచింది. కాని ముందు లైసెన్సు ఇచ్చే అధికారి దగ్గర, అంటే కలెక్టరు కార్యాలయంలో, కమిషనరేటు వున్నచోట పోలీసు కమిషనరు కార్యాలయంలో, అడిగి తెలుసుకోండి.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది. కారు ప్రయాణానికే గాని దాచుకోవడానికి కాదు. అద్దం పగలగొట్టడానికి ఒక రాయి చాలు. డాష్‌బోర్డు సొరుగు తాళం స్క్రూడ్రైవరుకు వచ్చేస్తుంది. సీటు కింద పెడితే బ్రేకు వేసినప్పుడల్లా జారుతుంది. కారును సర్వీసుకు ఇస్తాం, హోటలు దగ్గర తాళాలు ఎవరి చేతికో ఇస్తాం, బంధువులు అడిగితే పెళ్ళికి ఇస్తాం. ఆ రోజు వెళ్ళే చోట దాన్ని కారులో వదిలి దిగవలసి వస్తుందని ముందే తెలిస్తే, ఇంట్లోనే వుంచి వెళ్ళాలి. ఎప్పుడైనా తప్పనిసరి అయితే, కారు బాడీకి బోల్టులతో బిగించిన తాళం పెట్టెలో, గుండ్లు తీసి, ఎవరూ చూడకుండా, ఆ కొద్ది నిమిషాలు మాత్రమే. రాత్రి కారులో వుంచడం అన్నది వుండనే కూడదు. పోయిందని తెలిసిన క్షణమే దగ్గరి పోలీసు స్టేషనులో చెప్పాలి. పరువు పోతుందని వెతుక్కుంటూ కూర్చోకూడదు.

ఇది మన దగ్గరే కాదు. తుపాకులు విరివిగా వుండే అమెరికాలో దొంగలపాలయ్యే తుపాకుల్లో పెద్ద వాటా నిలిపి వుంచిన కార్లలోంచి పోయేదే. మన పిల్లలెందరో అక్కడ వున్నారు. ఫోనులో అన్నం తిన్నావా అని అడిగినట్టే, "మీ ఇంట్లో గాని, స్నేహితుల కార్లలో గాని అలాంటిది వుందా? ఎక్కడ పెడుతున్నారు?" అని కూడా అడగండి. ఇక్కడైనా, పిల్లల్ని బంధువుల కారు ఎక్కించేటప్పుడు "బావగారూ, కారులో అదేమైనా వుందా?" అని అడగటానికి మొహమాటపడకండి. నేను ఆ శివరాత్రికి ముందు ఒక్కసారి అడిగి వుంటే!

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఇది చెప్పడం నాకు కొంచెం కష్టం.

1987, 88 సంవత్సరాల్లో మన ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. నేనప్పటికి బడికి వెళ్ళే చిన్నపిల్లను. అప్పులపాలైన రైతులు ఎందరో చేను కోసం తెచ్చిన పురుగుమందే తాగి పోయారు. పెద్దయ్యాక మా అమ్మ ఒక మాట అంటుండేది: "ఆ డబ్బా ఆ పూట చేతికి అందకుండా వుంటే, తెల్లారేసరికి ఆ మనిషి మనసు మారేదేమో." మనిషికి వచ్చే ఆ చీకటి ఘడియ చాలాసార్లు కొద్దిసేపే వుంటుంది. ఆ కొద్దిసేపు చేతికీ ఆయుధానికీ మధ్య ఎన్ని అడుగుల దూరం, ఎన్ని తాళాలు వున్నాయన్నదే ప్రాణాన్ని నిలబెడుతుంది. అమెరికాలో తుపాకీ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా తమని తాము కాల్చుకున్నవారివే.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయింది. క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం ఆదుకుంటానని ప్రకటించవలసి వచ్చినంతగా పడిపోయింది. మావారు రైతులకు ఇచ్చిన డబ్బు రాలేదు, తాను తెచ్చిన డబ్బు తీర్చాలి. రాత్రిళ్ళు నిద్రపోకుండా వరండాలో పచార్లు చేసేవారు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు. నేను మూడు రోజులు చూశాను. నాలుగో రోజు కాఫీ ఇచ్చి, "ఏమండీ, అది కొన్నాళ్ళు బయట అప్పగించి రండి" అన్నాను. ఆయన నా వంక చూశారు. "నన్ను అనుమానిస్తున్నావా?" అన్నారు. "లేదండీ. నాకు నిద్ర పట్టడం లేదు. నా కోసం" అన్నాను. ఆయన కాఫీ తాగలేదు. కాసేపటికి లేచి, తాళం ఇమ్మని చెయ్యి చాపారు. సాయంత్రానికి లైసెన్సు వున్న ఆయుధాల డీలరు దగ్గర దింపి, రసీదు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ రాత్రి ఇద్దరం కాస్త నిద్రపోయాం.

సోదరీమణులారా, ఇంట్లో ఎవరికైనా వ్యాపారం దెబ్బతిన్నా, తాగుడు ఎక్కువయినా, దాయాదులతో తగాదా ముదిరినా, మనసు బాగుండకపోయినా, ఆ వస్తువును ఇంటినుంచి కొన్నాళ్ళు బయటికి పంపించండి. మనసు మరీ బరువెక్కితే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు, టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేదే, డబ్బు కట్టనక్కరలేదు.

అప్పులు ఇంకా తీరుతున్నాయి. మావారు మళ్ళీ రాత్రిళ్ళు పడుకుంటున్నారు. రసీదు మాత్రం నా నగల పెట్టెలోనే వుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మొన్న మా చెల్లెలి కొడుకు వచ్చి కారులో ముందు సీటు ఎక్కి, బిస్కట్ల కోసం సొరుగు లాగాడు. అందులో కారు కాగితాలూ, ఒక బిస్కట్ల పొట్లమూ వున్నాయి.